చెప్పిన తర్వాత ఏం జరుగుతుంది? టీనేజ్ పిల్లల మాట వినడంలో అసలు చిక్కు

పిల్లలు ఎక్కడికి వెళ్తున్నారో, ఎవరితో తిరుగుతున్నారో, చేతిలో డబ్బులు దేనికి ఖర్చు పెడుతున్నారో తల్లిదండ్రులకు తెలిసి ఉండాలని ఎప్పటినుంచో అంటున్నదే. పరిశోధనలూ అదే చెప్పాయి. ఈ సంగతులు తెలిసిన ఇళ్లలో పిల్లలు పెడదారి పట్టడం తక్కువ. దాంట్లోంచి అందరూ తీసిన అర్థం మాత్రం, పిల్లల మీద ఓ కన్నేసి ఉంచాలని. 2000లో స్వీడన్‌లో పనిచేస్తున్న మనస్తత్వ శాస్త్రవేత్తలు హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ ఇంకో ప్రశ్న వేశారు. అసలు ఈ సంగతులన్నీ తల్లిదండ్రులకు ఎలా తెలుస్తున్నాయి? పద్నాలుగేళ్ల పిల్లల్నీ వాళ్ల తల్లిదండ్రుల్నీ అడిగి చూస్తే, తెలిసిన దాంట్లో ఎక్కువ భాగం పిల్లలు తమంతట తాము చెప్పిందేనని తేలింది. ఆరా తీయడం వల్లా కట్టడి వల్లా తెలిసింది అంతకంటే తక్కువ.

కట్టడికి అసలు విలువే లేదా అని ఆ తర్వాత పరిశోధకుల మధ్య చాలా వాదన జరిగింది. వేళకు ఇంటికి రావాలన్న నియమం అనవసరమని ఎవరూ తేల్చలేదు. కానీ పిల్లలు నోరు విప్పితేనే తెలుస్తుందన్న మాట మాత్రం నిలబడింది. కాబట్టి 'మావాడు ఏదీ చెప్పడు' అని బాధపడే ఇంట్లో ముందు వేసుకోవాల్సిన ప్రశ్న వాడి స్వభావం గురించి కాదు. పోయినసారి చెప్పినప్పుడు ఏమైంది?

ఏదో ఒకటి అయ్యే ఉంటుంది. తిట్లు పడి ఉండొచ్చు, ఫోన్ లాక్కుని ఉండొచ్చు, అరగంట క్లాసు పీకి ఉండొచ్చు. ఇవేవీ జరగకపోయినా, విన్న అమ్మ రాత్రంతా నిద్రపోకుండా ఏడ్చి ఉండొచ్చు. పెద్దవాళ్ల దృష్టిలో అది ప్రేమ. పిల్లల దృష్టిలో మాత్రం 'నేను చెబితే అమ్మ ఇలా అయిపోతుంది' అనే లెక్క. తిట్లకు భయపడి దాచే పిల్లలు ఎంతమందో, అమ్మానాన్నల టెన్షన్ చూడలేక దాచే పిల్లలూ అంతమంది ఉంటారనిపిస్తుంది. చెప్పినందుకు ఏదో ఒక రూపంలో మూల్యం చెల్లించాల్సి వస్తే, తర్వాతి సంగతి లోపలే ఉండిపోతుంది. వినడం గురించి చెప్పే మెళకువలన్నీ ఆ మూల్యాన్ని తగ్గించేవే. అంతకుమించి వాటిలో రహస్యమేమీ లేదు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. పదిహేనేళ్ల అబ్బాయి ఇంటికొచ్చి, బ్యాగు మూలకు విసిరి, "రేపట్నుంచి ప్రాక్టీస్‌కి వెళ్లను" అన్నాడు. ఇంట్లోంచి వచ్చే జవాబులు ఇంచుమించు ఇలా ఉంటాయి. "అదేంటి, ఏడాది ఫీజు కట్టేశాం కదా!" లేదా, "నువ్వు ఏది మొదలుపెట్టినా ఇంతేగా." లేదా, "కోచ్ తిట్టాడా? తిడితే ఏమైంది, నీ మంచికేగా." కాస్త మెత్తని మనుషులైతే, "బాధపడకు నాన్నా, నేను రేపు వచ్చి కోచ్‌తో మాట్లాడతాలే."

వీటిలో ఏదీ దుర్మార్గమైన మాట కాదు. కానీ అన్నీ 'వెళ్లను' అన్న నిర్ణయానికి జవాబులే. ఆ నిర్ణయానికి ముందు ఏం జరిగిందన్నది ఎవరికీ పట్టలేదు. కోచ్‌తో మాట్లాడతానన్నవాళ్లు కూడా దేని గురించి మాట్లాడతారో వాళ్లకే తెలియదు.

అమెరికన్ మనస్తత్వవేత్త థామస్ గోర్డన్ 1960ల నుంచి తల్లిదండ్రులకు శిక్షణ తరగతులు నడిపాడు. మాటను మధ్యలోనే ఆపేసే జవాబులను ఆయన పన్నెండు రకాలుగా విడదీశాడు. ఆజ్ఞాపించడం, బెదిరించడం, నీతులు చెప్పడం, వెక్కిరించడం అందులో ఉంటాయని ఎవరైనా ఊహిస్తారు. ఆశ్చర్యం ఏమిటంటే సలహా ఇవ్వడం, మెచ్చుకోవడం, ధైర్యం చెప్పడం, ప్రశ్నలు వేయడం కూడా అదే జాబితాలో ఉన్నాయి. 'అంతా సర్దుకుంటుందిలే' అన్న మాట ఓదార్పులాగే ఉంటుంది. కానీ విన్నవాడికి అందులో ఇంకో అర్థం వినిపిస్తుంది: నీ సమస్య అంత పెద్దదేం కాదు, ఇక ఆపు. గోర్డన్ జాబితాను అక్షరాలా పాటించాలంటే ఇంట్లో ఎవరూ నోరెత్తలేరు, అది వేరే సంగతి. ఆ మాటలు తప్పని కాదు, అవి ముందే రావడంతోనే తంటా. అదే సలహా పావుగంట తర్వాత వస్తే పనికిరావచ్చు.

ఇప్పుడు అదే సాయంత్రం ఇంకోలా. "రేపట్నుంచి ప్రాక్టీస్‌కి వెళ్లను." "వెళ్లవా? ఏదో అయినట్టుందే." అంతే, ఆ తర్వాత అమ్మ ఏమీ అనలేదు. చేస్తున్న పని ఆపి కూర్చుంది. అబ్బాయి ఫ్రిజ్ తీశాడు, మూశాడు. "టీమ్ లిస్ట్ పెట్టారు" అన్నాడు కాసేపటికి. "ఊఁ." "నాకంటే రెండేళ్లు చిన్నోణ్ణి తీసుకున్నారు. పేర్లు అందరి ముందూ చదివారు."

ఇక్కడ ఫీజు ఊసే లేదు. ఆట మీద విరక్తి కూడా కాదు. అందరి ముందూ చిన్నబోయాడు, రేపు అదే మైదానంలోకి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలన్నది వాడి బాధ. మొదటి నాలుగు జవాబుల్లో ఏది వచ్చినా ఈ సంగతి బయటపడేది కాదు. ఆటలో నిలకడ గురించి పెద్ద గొడవ జరిగి, ఎవరి గదిలోకి వాళ్లు వెళ్లిపోయేవాళ్లు.

ఈ రెండో మాటామంతీలో పనిచేసింది ఎక్కువగా మౌనమే. అమెరికాలో సైన్స్ బోధన మీద పనిచేసిన మేరీ బడ్ రో 1970లలో తరగతి గదులను గమనించింది. టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం సగటున 1 సెకను మాత్రమే ఆగుతున్నారు. ఆ విరామాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, 'తెలియదు' అనడం తగ్గింది, మామూలుగా నోరు మెదపని పిల్లలు కూడా మాట్లాడారు. ఇది తరగతి గది సంగతే, నిజమే. కానీ ఇంట్లో పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉంటుందనుకోవడానికి కారణం కనిపించదు. అమ్మానాన్నలకు మౌనం భరించడం కష్టం. పిల్లవాడు ఆగగానే, వాడు చెప్పబోయేదేమిటో తామే ఊహించి ముగించేస్తారు. ఆ వయసువాళ్లకు ఏం జరిగిందో ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తేల్చుకోవడానికే కొంత టైమ్ పడుతుంది. ఆ టైమ్‌లో వినిపించే నిశ్శబ్దం మొండితనం కానక్కర్లేదు.

'శ్రద్ధగా వినడం' అన్న పద్ధతికి పేరు తెచ్చింది కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్. 1957లో వాళ్లు దీని గురించి రాశారు. ఎదుటివాళ్లు చెప్పింది మన మాటల్లో తిరిగి చెప్పి, సరిగ్గా అర్థమైందో లేదో సరిచూసుకోవడం అందులో ముఖ్యమైన భాగం. మంచి పద్ధతే. కానీ దాన్ని బట్టీపట్టి ప్రయోగిస్తే టీనేజ్ పిల్లలు వెంటనే కనిపెట్టేస్తారు. "అంటే నీకు బాధగా అనిపించిందన్నమాట" అని అమ్మ కొత్త గొంతుతో అనగానే, "ఏ వీడియో చూశావమ్మా?" అని వస్తుంది ఎదురు ప్రశ్న. అంత పద్ధతిగా అనక్కర్లేదు. "అందరి ముందూ చదివారా!" అని వాడి మాటే వాడికి తిరిగి అంటే చాలు, ఇటువైపు చేరిందని తెలిసిపోతుంది.

అనిపిస్తున్నదానికి పేరు పెట్టడంలో నిజంగా కొంత బలం ఉంది. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం చేసిన ప్రయోగంలో, ముఖాల ఫొటోల్లో కనిపిస్తున్న భావానికి పేరు పెట్టినప్పుడు మెదడులో భయం, ఉద్వేగం లాంటివాటికి స్పందించే అమిగ్డలా జోరు తగ్గింది. అయితే ఆ పేరు బయటివాళ్లు నిర్ణయించి అంటిస్తే ఒళ్లు మండుతుంది. "నీకు అసూయగా ఉంది" అని తీర్పు చెప్పడం కంటే "కోపంగా ఉందా, సిగ్గుగా అనిపించిందా?" అని అడగడం నయం. "రెండూ కాదు, చిరాగ్గా ఉంది" అని సరిదిద్దితే ఇంకా మంచిది. పేరు పెట్టే పని వాడే చేసుకున్నాడు.

మాటలు సరిగ్గా ఉన్నా ఒంటి తీరు వేరుగా ఉంటే ఏమవుతుందన్నది కూడా పరీక్షించారు. నెటా వైన్‌స్టైన్, ఆమె సహ పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో బ్రిటన్‌లోని 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు దాదాపు వెయ్యిమందికి కొన్ని వీడియోలు చూపించారు. వీడియోలో ఒక టీనేజర్ తల్లితోనో తండ్రితోనో ఓ ఇబ్బందికరమైన సంగతి చెబుతుంటారు. పెద్దవాళ్లు అనే మాటలు ఒకటే, వినే తీరు మాత్రం మారుతుంది. ఒకదాంట్లో కళ్లు, మనసు పిల్లల మీదే ఉంటాయి, ఇంకోదాంట్లో ధ్యాస అటూ ఇటూ పోతుంటుంది. మనసు పెట్టి విన్న వీడియో చూసినవాళ్లు, ఆ స్థానంలో తాముంటే తమ మీద తమకు మంచి అభిప్రాయం కలుగుతుందనీ, మళ్లీ చెప్పుకోవాలనిపిస్తుందనీ ఎక్కువగా అన్నారు. ఫోన్‌లో వేళ్లు ఆడిస్తూ "చెప్పు, వింటున్నా" అనేవాళ్లు గమనించాల్సిన ఫలితం ఇది.

దీన్ని పట్టుకుని పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి కళ్లల్లోకి చూస్తూ "ఇప్పుడు మాట్లాడుకుందాం" అంటే మాత్రం మొదటికే మోసం. ధ్యాస పెట్టడం వేరు, గుచ్చి గుచ్చి చూడటం వేరు. చెప్పడానికి కష్టమైన సంగతులు చాలాసార్లు ఎవరి పని వాళ్లు పక్కపక్కన చేసుకుంటున్నప్పుడే బయటికొస్తాయి. కారులో ఇద్దరూ రోడ్డువైపు చూస్తున్నప్పుడో, గిన్నెలు తుడుస్తున్నప్పుడో, లైట్లు ఆర్పేశాకో చెబుతారు. ఇందులో వేళ కూడా ఉంది. యవ్వనం మొదలయ్యాక ఒంట్లో నిద్ర గడియారం వెనక్కి జరుగుతుంది, నిద్ర రప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. అందుకే పెద్దవాళ్లకు ఆవలింతలు వచ్చే వేళకు పిల్లలకు హుషారు వస్తుంది. రాత్రి పదకొండుకు గుమ్మంలో నిలబడి "ఏం చేస్తున్నావమ్మా?" అన్నారంటే అందులో ఏదో ఉందన్నమాటే. రోజూ అలా మేలుకోవడం కుదరదు, ఈ వయసువాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి కూడా. కానీ నెలకో రెండు నెలలకో వచ్చే ఆ పదకొండు గంటల పలకరింపును 'పొద్దున మాట్లాడదాం' అని వాయిదా వేస్తే, పొద్దున్నే "ఏం లేదు" అన్న జవాబే దొరుకుతుంది.

'చిన్నప్పుడు ఎంత చెప్పినా అయ్యేది కాదు, ఇప్పుడు నా గొంతు వింటేనే విసుగు' అని బాధపడే అమ్మలకు ఊరటనిచ్చే పరిశోధన ఒకటుంది. స్టాన్‌ఫర్డ్‌లో డేనియల్ అబ్రామ్స్, వినోద్ మీనన్ బృందం 2022లో వెల్లడించిన దాని ప్రకారం, చిన్నపిల్లల మెదడులో సంతోషానికి సంబంధించిన భాగాలు అపరిచితుల గొంతు కంటే అమ్మ గొంతుకే ఎక్కువగా స్పందిస్తాయి. పదమూడేళ్ల ప్రాంతంలో ఇది తిరగబడి, కొత్త గొంతులకు స్పందన పెరుగుతుంది. రేపు బయటి ప్రపంచంలో బతకాల్సినవాళ్లు ఆ ప్రపంచం వైపు చెవులు తిప్పడం ఎదుగుదలలో భాగమే. దాన్ని అగౌరవం కింద జమకట్టి గొడవపడితే అనవసరంగా ఇంకో తలుపు మూసుకుపోతుంది.

వినడానికి ముందు, ఆ సంగతి ఎవరి పరిధిలోనిదో తేల్చుకోవడం కూడా అవసరం. మనస్తత్వవేత్త జుడిత్ స్మెటానా దశాబ్దాలుగా ఈ విషయం మీదే పనిచేసింది. పిల్లలు తల్లిదండ్రుల మాటను అన్నిట్లోనూ కాదనరు. అబద్ధం, దొంగతనం లాంటి నీతికి సంబంధించిన వాటిలోనూ, ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పున్న వాటిలోనూ పెద్దవాళ్లకు చెప్పే హక్కు ఉందని టీనేజ్ పిల్లలే ఒప్పుకుంటారు. జుట్టు, బట్టలు, గది, పాటలు, స్నేహాలు తమ సొంతమని వాళ్ల లెక్క. గొడవలన్నీ ఈ సరిహద్దు మీదే. గది చిందరవందరగా ఉండటం అమ్మకు క్రమశిక్షణ సమస్య, కూతురికి అది తన గది. సొంతమనుకున్న సంగతులు చెప్పకపోవడం పిల్లల దృష్టిలో దాచడం కిందికే రాదు. కొత్త హెయిర్‌స్టైల్ గురించి చెప్పినప్పుడు 'నా దగ్గర ముందే ఎందుకు చెప్పలేదు' అని విచారణ మొదలెడితే, రేపు తాగిన స్నేహితుడి బండెక్కాల్సి వచ్చిన రాత్రి ఇంటికి ఫోన్ చేయడానికి కూడా వెనకాడతారు. మొదటిదాన్ని వాళ్లకు వదిలేసినవాళ్లకే రెండోదాంట్లో మాట చెల్లుతుంది.

ఎలాగూ చెప్పడంలేదు కదా అని ఫోన్ తెరిచి చూసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. నెదర్లాండ్స్ కుటుంబాల మీద స్కైలర్ హాక్, ఇతరులు చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. పిల్లల ఏకాంతంలోకి చొరబడే తల్లిదండ్రులకు కాలం గడిచేకొద్దీ పిల్లల గురించి తెలిసేది తగ్గిపోతుందని అందులో తేలింది. ఇందులో వింతేం లేదు. ఒకసారి పట్టుబడ్డ పిల్లలు పాస్‌వర్డ్ మారుస్తారు, ఇంకో అకౌంట్ తెరుస్తారు, అంతకుముందు చెబుతున్న నాలుగు మాటలు కూడా మానేస్తారు. ప్రాణం మీదికి వచ్చిందన్న అనుమానం గట్టిగా ఉంటే సంగతి వేరు. ఊరికే తెలుసుకుందామని చూసేవాళ్లకు మాత్రం ఇది నష్టం బేరం.

మాట బయటికి పొక్కడం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ, నమ్మకాన్ని చంపేది ఎక్కువగా అదే. కూతురు గుండె దడదడలాడుతుండగా చెప్పిన సంగతి మర్నాడు పిన్నికి తెలుస్తుంది, ఆదివారం పదిమందిలో జోకుగా బయటికొస్తుంది. అమ్మ మనసులో అది ముద్దు. ఆ పిల్లకు మాత్రం ఇక ఆ దారి మూసుకుపోయినట్టే. అమ్మకు చెబితే నాన్నకు చెప్పినట్టేనా కాదా అన్నది కూడా ముందే తేలి ఉండాలి. "ఇది నాన్నకు చెప్పనా, నువ్వే చెబుతావా?" అని అడగడానికి ఎంతసేపు పడుతుంది?

విన్నంతమాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. ఈ భయంతోనే చాలామంది మధ్యలో అడ్డుపడతారు: ఇప్పుడు ఊరుకుంటే చేసింది సరేనన్నట్టు అవుతుందేమో అని. సిగరెట్ తాగానని చెప్పిన కొడుకును మొత్తం చెప్పనిచ్చి, "ఇది నాకు నచ్చలేదు. దీని గురించి రేపు మాట్లాడదాం. చెప్పినందుకు మాత్రం సంతోషం" అనొచ్చు. చేసిన పనికి శిక్ష ఉంటే ఉండనీ, చెప్పినందుకు మాత్రం ఉండకూడదు. తనంతట తాను చెప్పినప్పుడు శిక్ష కాస్త తగ్గించడం కూడా న్యాయమే. పట్టుబడినా, తానే చెప్పినా ఒకటే దెబ్బ అయితే చెప్పడం ఎందుకని ఏ పిల్లవాడైనా లెక్కేసుకుంటాడు. సలహా విషయంలో ఊహించడం కంటే అడగడం తేలిక: "నేనేమైనా చెప్పనా, ఊరికే వినమంటావా?"

వినడం ఎక్కువైనా ఇబ్బందే. 2002లో అమాండా రోజ్ పిల్లల స్నేహాల మీద చేసిన అధ్యయనంలో, ఒకే సమస్యను పదేపదే తవ్వుకుంటూ మాట్లాడుకునేవాళ్ల మధ్య దగ్గరితనం పెరిగినా, దిగులూ ఆందోళనా కూడా ఎక్కువగా కనిపించాయి. అది స్నేహితుల సంగతి. ఇంట్లో కూడా రోజూ సాయంత్రం "ఇంకా బాధగానే ఉందా?" అని గాయాన్ని కెలికితే మేలు జరుగుతుందని అనుకోలేం.

ఓపిగ్గా వేచి చూడటం పనికిరాని సందర్భం ఒకటుంది. తిండి, నిద్ర, స్నేహాలు ఒక్కసారిగా మారిపోయి, 'నేను లేకపోతే అందరికీ హాయి' లాంటి మాటలు వినిపిస్తుంటే సూటిగా అడగాలి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. మాడెలిన్ గౌల్డ్ బృందం న్యూయార్క్ రాష్ట్రంలో 2 వేలకు పైగా హైస్కూలు విద్యార్థులతో చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. ఆత్మహత్య గురించి అడగడం వల్ల పిల్లల్లో కలత గానీ ఆ ఆలోచనలు గానీ పెరగలేదని అందులో తేలింది. అవునన్న జవాబొస్తే ఒంటరిగా వదలకుండా, అదే రోజు డాక్టర్‌నో మానసిక నిపుణుణ్నో కలవాలి. అందుకే "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి, అప్పుడు చెబుతా" అన్నప్పుడు తొందరపడి ఒట్టు వేయకూడదు. "నీ ప్రాణానికి ముప్పు అనిపిస్తే నేనొక్కదాన్నే దాచుకోలేను. అప్పుడు కూడా నీకు చెప్పకుండా ఎవరికీ చెప్పను" అన్న మాట నిలబెట్టుకోవడం సాధ్యమే.

ఇదంతా తెలిసినవాళ్లు కూడా ఏదో ఒకరోజు అరిచేస్తారు. అలసట ఉంటుంది, ఆఫీసు చిరాకు ఉంటుంది. మర్నాడు వెళ్లి "నిన్న నువ్వు చెబుతుంటే మధ్యలోనే అరిచాను. మొత్తం వినలేదు. చెప్పాలనిపిస్తే ఇప్పుడు వింటా" అంటే సరిపోతుంది. "కానీ నువ్వు కూడా..." అన్న తోక తగిలించకపోతే చాలు. ఆ వెంటనే వచ్చే జవాబు బహుశా "ఏం లేదులే". దాన్ని అలాగే వదిలేయాలి. అలా బెడిసిన తర్వాత పిల్లలు నేరుగా అసలు సంగతికి రారు. ముందు పక్కవాళ్ల కథ తెస్తారు: "మా క్లాసులో ఒకమ్మాయి ఉంది, తను ఒకబ్బాయికి ఫొటో పంపింది, ఇప్పుడు వాడు బెదిరిస్తున్నాడంట." ఆ అమ్మాయి నిజంగా వేరే అమ్మాయే కావచ్చు, కాకపోనూ వచ్చు. "ఛీ, అలాంటివాళ్లతో తిరగొద్దు" అన్నారంటే ఆ ఇంట్లో ఇలాంటి సంగతికి పడే రేటు ఎంతో తెలిసిపోతుంది. "అయ్యో, తనకి తోడుగా ఎవరైనా ఉన్నారా? తప్పు బెదిరించేవాడిది కదా, పెద్దవాళ్లకు చెబితే ఆపించొచ్చు" అంటే కథ ఇంకో రెండు వాక్యాలు ముందుకు సాగుతుంది. "అది నువ్వేనా?" అని మాత్రం అప్పుడే అడగకూడదు. తనే అయితే, సాయం దొరుకుతుందన్న మాట ఇప్పటికే చేరింది. ఒకటి రెండు రోజుల్లో ఏదో వంకతో మళ్లీ ఆ ఊసు తీసుకొచ్చి, "ఆ అమ్మాయి సంగతి ఏమైంది?" అని అడిగితే సరి.